శకుంతల కట్ట మీద గుర్రపు బాట

మహారాష్ట్రలో యవత్మాల్ నుంచి ముర్తిజాపూర్ దాకా 113 కిలోమీటర్లు సాగే నారోగేజ్ రైలుమార్గంలో ఇప్పుడు బండి నడవడం లేదు. విదర్భ పత్తిని బొంబాయి రేవుకు, అక్కడి నుంచి మాంచెస్టర్ మిల్లులకు చేరవేయడానికి ఒక బ్రిటిష్ కంపెనీ వేసిన ఆ దారిలో, 1921లో మాంచెస్టర్‌లోనే తయారైన ఆవిరి ఇంజను 1994 వరకు పెట్టెలు లాగింది. జనం ఆ బండిని శకుంతల అని పిలుచుకున్నారు. బ్రాడ్‌గేజ్ వేసి దాన్ని మళ్ళీ నడపాలన్న కోరిక ఇక్కడ ఇంకా బలంగానే ఉంది, నాదీ అదే కోరిక. అయితే ఆ రోజు వచ్చేదాకా ఆ రైలుకట్టను తుమ్మచెట్లకూ ఆక్రమణలకూ వదిలేయకుండా, మనుషులు నడిచే, గుర్రాలు తిరిగే బాటగా మార్చి కాపాడుకోవాలన్నది నా వాదన.

గుర్రమే ఎందుకని అడిగేవారు ఉంటారు. యవత్మాల్ జిల్లాలోని పాండర్‌కవడా చుట్టుపక్కల ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ మాట్లాడే మా ప్రాంతంలో గుర్రాన్ని పోషించేవారికి పెళ్ళిళ్ళ సీజనే ఆధారం. పొరుగున ఉన్న నాందేడ్ జిల్లా మాలేగావ్ ఖండోబా జాతరలో కొనుక్కొచ్చిన గుర్రాన్ని మిగతా నెలలంతా కట్టేసి మేపవలసిందే. మా ఊరి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారిపై, లారీల హారన్ల మధ్య దాన్ని నడిపించడం ప్రాణాలతో చెలగాటం. వానాకాలంలో పొలాల బాట పట్టిద్దామంటే నల్లరేగడిలో గిట్టలు దిగబడతాయి. ఆ రేగడికి ఎగువన, నీళ్ళు నిలవకుండా, లారీలు ఎక్కకుండా ఉన్న దారి రైలుకట్ట ఒక్కటే. పైగా ఆవిరి ఇంజను నిట్టెక్కుడు ఎక్కలేదు కనుక, రైలుదారికి ఎక్కడా వాలు ఎక్కువ పెట్టరు. కొత్తగా సవారీ నేర్చుకునేవారికీ వయసు పైబడిన గుర్రానికీ అంతకంటే అనువైన దారి దొరకదు.

ఇందులో చిక్కులు లేవని అనను. పెళ్ళిళ్ళకు గుర్రాన్ని తిప్పే మా పరిచయస్థుడొకరిని కిందటి చలికాలంలో యవత్మాల్ శివార్లలోని ఆ కట్ట దగ్గరకు తీసుకువెళ్ళాను. గుర్రం పట్టుమని పదడుగులు వేయకముందే ఆగిపోయింది. ఆయన దాని ముందుకాలు మడిచి ఎత్తి, నాడాకూ అరికాలికీ మధ్య ఇరుక్కున్న కంకరరాయిని ఇనుప కొక్కెంతో పెకలించి నా చేతిలో పెట్టాడు. బొటనవేలంత రాయి, మూడు వైపులా కత్తి అంచులా ఉంది. "రైలుకు మంచిదే సార్ ఈ కంకర, గుర్రానికి గాదు. మొరం పొయ్యాలె, రోలర్ దొక్కియ్యాలె" అన్నాడు. ఇంజనీర్లు చెప్పేదీ ఇంచుమించు అదే. పట్టాలు కదలకుండా పట్టి ఉంచడానికే ఆ రాళ్ళను అలా పదునుగా కొట్టిస్తారు. వాటిని తీసి సన్నటి మొరం పరిచి గట్టిపరిస్తే గిట్టకు మెత్తన, నడిచేవారికీ సుఖం. వంతెనలది ఇంకో సమస్య. కింద బోలుగా మోగే పలకల మీద, సందుల్లోంచి నీళ్ళు కనిపిస్తుంటే గుర్రం బెదురుతుంది. నేల కనిపించకుండా పలకలు మూసి, పక్కన ఎత్తైన కమ్ములు పెట్టి, దిగి నడిపించుకువెళ్ళండని రౌతులకు బోర్డు రాయాలి.

అన్నిటికంటే కష్టమైనది జనం భయం. పట్టాలు తీస్తే రైలు ఆశ పోయినట్టేనని ఊళ్ళవాళ్ళు అనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ రెండున్నర అడుగుల దూరంలో వేసిన ఆ సన్నపట్టాలు బ్రాడ్‌గేజ్‌కు పనికిరావు. పనికొచ్చేది తెగకుండా మిగిలిన కట్ట, దాని కింది భూమి. అమెరికా 1983లో చేసిన చట్ట సవరణ ఈ మెలికనే విప్పింది. బండ్లు ఆగిన మార్గాన్ని బాటగా వాడుకోవచ్చు, కానీ రైలు అవసరం తిరిగి వచ్చిన నాడు దాన్ని అప్పగించాలి. 1990లో అక్కడి సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థిస్తూనే, భూయజమానులు పరిహారం కోరే దారిని కూడా తెరిచి ఉంచింది. కంపెనీ హక్కులు, రైల్వే బాధ్యతలు పెనవేసుకున్న శకుంతల విషయంలో మనకు కావలసింది అలాంటి రాతకోతలే. నోటిమాట హామీలు చాలవు. న్యూజిలాండ్‌లో 1990లో మూతపడిన ఒటాగో రైలుమార్గం పదేళ్ళకు 152 కిలోమీటర్ల బాటగా తెరుచుకుంది. అక్కడ నడకకు, సైకిళ్ళకు, గుర్రాలకు ఒకే దారి.

మోటారుసైకిళ్ళను ఆపడానికి ఇంగ్లండ్‌లో వాడే ఉపాయం మనకూ సరిపోతుంది. బాటకు అడ్డంగా మోకాలికంటే తక్కువ ఎత్తులో దుంగలు వేస్తే గుర్రం అలవోకగా దాటుతుంది, బండి దాటలేదు. నీటితొట్ల విషయంలో మాత్రం పట్టుదల ఉండాలి. గ్లాండర్స్ వ్యాధి కలుషితమైన నీటి ద్వారా గుర్రం నుంచి గుర్రానికి పాకుతుంది, మనుషులకూ సోకుతుంది. దాన్ని అరికట్టడానికి మన దేశంలో 1899లోనే చట్టం చేశారంటే ప్రమాదం ఎంతటిదో ఊహించవచ్చు. రక్తపరీక్ష కాగితం లేని గుర్రాన్ని బాట ఎక్కనివ్వకూడదు. ఆ పరీక్ష ఖర్చును పేద పోషకుల మీద వేయకుండా పశుసంవర్ధక శాఖే భరించాలి.

ముందుగా యవత్మాల్ పక్కనే ఐదారు కిలోమీటర్లు చాలు. పొలాల్లోకి ఎడ్లబండ్లు దాటే చోట్లను రైతులతో కూర్చొని గుర్తించి, వానలు తగ్గగానే మొరం పోసి, మాలేగావ్ జాతరకు ముందే మా పెళ్ళిగుర్రాలను దాని మీద నడిపించి చూడాలి. సవారీ నడిపే హక్కును బయటి గుత్తేదారుకు ఇవ్వకుండా ఆ గుర్రాల యజమానులకే ఇవ్వాలి.