ఆప్షన్ పెట్టండి, చేతులు దులుపుకోండి

కొత్తగా డేటాబేస్ క్లయింట్ లైబ్రరీ (ప్రోగ్రాముకీ డేటాబేస్‌కీ మధ్య మాటలు మోసే కోడ్) రాయబోతున్నవారికి, ఈ పాపం ముందే చేసినవాడిగా నాలుగు మాటలు. క్వెరీ పంపడం, ఫలితం తేవడం ఎవరైనా రాస్తారు. మన పెద్దరికం నిలబడేది ఇనిషియలైజేషన్ దగ్గరే, అంటే పని మొదలెట్టే ముందు లైబ్రరీని సిద్ధం చేసుకునే చోటే. వాడేవాడు గుమ్మం తొక్కేది అక్కడే కాబట్టి దండం కూడా అక్కడే పెట్టించుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఏ నిర్ణయమూ తీసుకోకండి. టీమ్‌లో ఇద్దరికి పడలేదా? ఇద్దరి మాటా నెగ్గేలా ఒక ఆప్షన్ పెట్టేయండి. గొడవ మన నెత్తి మీంచి వాడేవాడి నెత్తి మీదికి పోతుంది. దీన్ని ఫ్లెక్సిబిలిటీ అంటారు.

ఒకటే చిక్కు. ఆప్షన్ అన్నాక డిఫాల్ట్ (ఎవరూ ఏమీ ఎంచుకోకపోతే నడిచే విలువ) ఉండాలి, జనం దాదాపు అంతా దాంతోనే కాలక్షేపం చేస్తారు. కంగారు పడకండి, అక్కడా తప్పించుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ క్లయింట్ లైబ్రరీ లిబ్‌పీక్యూలో, కనెక్షన్‌కి ఎన్‌క్రిప్షన్ ఎంత గట్టిగా కావాలో చెప్పే ఎస్ఎస్ఎల్‌మోడ్ అనే ఆప్షన్‌కి 6 విలువలున్నాయి. డిఫాల్ట్ ఏమిటయ్యా అంటే ‘ప్రిఫర్’. సర్వర్ సరేనంటే ఎన్‌క్రిప్షన్, కాదంటే బట్టబయలు. గోడ మీద పిల్లి! భద్రత కోణంలో దీనికి అర్థం లేదని, పాత ప్రోగ్రాముల కోసమే ఉంచామని వాళ్ల డాక్యుమెంటేషనే ఒప్పుకుంటుంది. ఇక కనెక్షన్ కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే కనెక్ట్ టైమ్‌అవుట్ మీరు చెప్పకపోతే లిబ్‌పీక్యూ తనంతట తాను విసుక్కోదు. అంత ఓపిక మనుషుల్లో కూడా చూడం.

తర్వాతది ముహూర్తం. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ లైబ్రరీలో సెట్టింగులు మార్చే కాన్ఫిగ్ ఫంక్షన్ని లైబ్రరీ ఇనిషియలైజ్ కాకముందే పిలవాలి. దాటిపోతే చాలా ఆప్షన్లకు ‘మిస్‌యూజ్’ అని 21వ నంబర్ ఎర్రర్ చేతిలో పెడుతుంది. ఆ ఇనిషియలైజేషన్ మీరు పిలవకపోయినా డేటాబేస్‌ని మొదటిసారి ఓపెన్ చేయడంతోనే జరిగిపోతుంది. అదే ప్రాసెస్‌లో ఇంకెవరి లైబ్రరీయో ముందే ఓపెన్ చేసి ఉంటే, తప్పు వాళ్లది కాదు, ఆలస్యంగా వచ్చిన మీది. నా అభ్యంతరమల్లా ఒక్కటే: ఎర్రర్ ఇవ్వడం దేనికి? మౌనంగా ఊరుకుంటే వాడేవాడు ఇంకో వారం మనల్నే తలుచుకుంటూ ఉండేవాడు కదా.

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ క్లయింట్ లైబ్రరీ ఇంకా ఉదారం. లైబ్రరీ ఇనిషియలైజ్ చేయడం మీరు మరిచిపోతే కనెక్షన్ ఇనిషియలైజ్ చేసే ఫంక్షనే ఆ పనీ చేసేస్తుంది. థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే పనులు) చాలా ఉంటే మాత్రం ఆ సాయాన్ని నమ్ముకోవద్దని, ముందే మీరే పిలవమని షరతు. ఆ పిలుపుకి మూడు ఆర్గ్యుమెంట్లు, అంటే ఫంక్షన్‌కి అందించే విలువలు, ఇవ్వాలి. ఒకప్పుడు ప్రోగ్రాంలోనే ఇమిడిపోయే ఎంబెడెడ్ సర్వర్ కోసం పెట్టినవి. సర్వర్ పోయింది, ఆర్గ్యుమెంట్లు ఉన్నాయి. ఒక సున్నా, రెండు నల్‌లు ఇచ్చి రావడమే.

ఇక కళాఖండం. ఎన్‌క్రిప్షన్ పని చూసే ఓపెన్ఎస్ఎస్ఎల్‌ని అప్లికేషనే ఇనిషియలైజ్ చేసుకుంటే లిబ్‌పీక్యూని ఆగమని చెప్పడానికి ‘పీక్యూఇనిట్ఎస్ఎస్ఎల్’ ఉండేది. ఓపెన్ఎస్ఎస్ఎల్ అంటే ఎస్ఎస్ఎల్, క్రిప్టో అని రెండు లైబ్రరీలు. ఒకదాన్నే చేసుకున్నవాడికి దారి లేదు. దాంతో 2009లో, పోస్ట్‌గ్రెస్ 8.4 వెర్షన్‌లో రెండు ఆర్గ్యుమెంట్లతో ‘పీక్యూఇనిట్‌ఓపెన్ఎస్ఎస్ఎల్’ పుట్టింది. 2016లో ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.1.0 వచ్చి, నన్నెవరూ ఇనిషియలైజ్ చేయక్కర్లేదు, నేనే చేసుకుంటానంది. 2025లో పోస్ట్‌గ్రెస్ 18 నాటికి ఆ రెండు ఫంక్షన్లకూ ఏ పనీ లేదు. పిలిస్తే పలుకుతాయి, అంతే.

నా కోడ్‌లో మాత్రం ఇంకా పిలుస్తూనే ఉన్నాను, ఎందుకైనా మంచిదని.