ఎగ్జిట్ పోల్ పట్టిక గారి దివ్యసముఖానికి

అమెరికా టెలివిజన్ స్టూడియోలలో ఎన్నికల రాత్రి కొలువుదీరే ఎగ్జిట్ పోల్ పట్టిక గారికి ఒక తెలుగు ప్రేక్షకుడు నమస్కరించి వ్రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి.

తమరు ఓటర్లను స్త్రీలు, పురుషులు, తెల్లవారు, నల్లవారు, లాటినోలు అని గడులు గీసి కూర్చోబెడతారు. దానికి నాకు అభ్యంతరం లేదు, ఎవరు ఎటు వేశారో లెక్కకట్టడం తమ వృత్తి. కానీ పక్కన నిలబడిన విశ్లేషకుడు తమ గడిని వేలితో తాకి, తెరనిండా పెద్దది చేసి, ‘ఎవరు’ అన్నదానికి వచ్చిన అంకెను ‘ఎందుకు’ అన్నదానికి జవాబుగా చదివి వినిపిస్తుంటే తమరు ఒక్కనాడైనా నోరు విప్పలేదు. మా ఉగాది పంచాంగ శ్రవణంలో రాశివారీగా ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చదివే సిద్ధాంతిగారు జరగబోయేది చెబుతారు కనుక తప్పితే క్షమించవచ్చు. తమ సిద్ధాంతులు మాత్రం జరిగిపోయినదాన్ని చెబుతూ కూడా తప్పుతారు. 2016లో తెల్లజాతి స్త్రీలలో 52 శాతం మంది ట్రంప్‌కు వేశారని తమరు సెలవిస్తే, ఆ ఒక్క అంకె మీద ఎన్ని వ్యాసాలు, ఎన్ని శాపనార్థాలు వెలువడ్డాయో లెక్కలేదు. నిజంగా ఓటు వేసినవారెవరో రికార్డులతో సరిచూసి ప్యూ అనే అమెరికా పరిశోధన సంస్థ 2018లో ప్రకటించిన లెక్కలో అది ట్రంప్‌కు 47, హిల్లరీ క్లింటన్‌కు 45 అయింది. శాపనార్థాలను మాత్రం ఎవరూ సవరించలేదు.

డెమోక్రాటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం ఒబామా, హిల్లరీ క్లింటన్ తలపడిన 2008 జనవరి తమకు గుర్తుండే ఉంటుంది. అంతకుముందు ఏడాదంతా ఒబామా ‘తగినంత నల్లవాడేనా’ అని చర్చలు నడిపిన ఛానళ్లే, తొంభై శాతానికి పైగా తెల్లవారున్న అయోవాలో ఆయన గెలవగానే గొంతు మార్చి, సౌత్ కరోలినాలోని నల్లజాతి స్త్రీల ముందు మైకు పెట్టి, జాతికి వేస్తారా, లింగానికి వేస్తారా అని అడగడం మొదలుపెట్టాయి. ఇరాక్ యుద్ధానికి అధికారమిచ్చే తీర్మానానికి క్లింటన్ ఓటు వేయడం, ఒబామా ఆ యుద్ధాన్ని మొదటినుంచీ వ్యతిరేకించడం, ఆరోగ్య బీమా ఎవరికి ఎలా అందుతుందన్న విషయంలో ఇద్దరి ప్రణాళికలూ వేరు కావడం ఆ ప్రశ్నలో పట్టలేదు. అదే బ్యాలెట్ మీద ఆ రాష్ట్రంలోనే పుట్టిన జాన్ ఎడ్వర్డ్స్ అనే తెల్ల పురుషుడు కూడా ఉన్నారు. ఆయనకు వేసిన తెల్ల పురుషులను జాతి కోసం వేశారా, లింగం కోసం వేశారా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. వారికి రెండూ ఒకే మనిషిలో దొరికాయి కదా, అడిగితే పోయేదేముంది? జార్జి వాషింగ్టన్ నాటినుంచి తెల్ల పురుషుడు తెల్ల పురుషుడికి వేస్తే దాన్ని విధానాల పరిశీలన అంటారు, నల్లజాతి స్త్రీ ఎవరికి వేసినా అది అద్దంలో చూసుకోవడం అవుతుంది.

ఆ నవంబరులో నల్లవారిలో 95 శాతం మంది ఒబామాకు వేశారని తమరు ప్రకటించగానే విశ్లేషకుల ముఖాలు వెలిగిపోయాయి. తమ పాత పుటలే ఒకసారి తిరగేయమనండి: 2000లో అల్ గోర్‌కు 90, 2004లో జాన్ కెర్రీకి 88. ఇద్దరూ ఒబామాలాగే డెమోక్రాటిక్ పార్టీ అభ్యర్థులు, ఇద్దరూ తెల్లవారే. ఒబామా రంగు తెచ్చిన ఉత్సాహం లేదని నేననను, అది ఆ చివరి కొన్ని శాతాలలో ఉంది. మిగిలినది 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటుహక్కు చట్టం నాటినుంచి ఏ పార్టీ ఎటు నిలబడిందో గుర్తుపెట్టుకున్నవారి లెక్క. జాతి వారి జీవితాలలో లేదని కాదు, వారి జీవితాన్ని ఎవరు ఎలా తాకారన్నది వారు చూస్తున్నారని నా మనవి.

నమ్మకం కుదరకపోతే టెనెసీలోని మెంఫిస్ దాకా దయచేయండి. నల్లవారే అధికంగా ఉన్న ఆ కాంగ్రెస్ నియోజకవర్గం 2006లో స్టీవ్ కోహెన్ అనే తెల్లజాతి యూదుణ్ణి ఎన్నుకుంది. 2008లో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో ఆయన మీద నల్లజాతి స్త్రీ అయిన నిక్కీ టింకర్ పోటీ చేశారు. తమ శాస్త్రం ప్రకారం ఆమెకు రెండు గ్రహాలూ ఉచ్చస్థితిలో ఉన్నాయి, కోహెన్‌కు 79 శాతం వచ్చింది. 2010లో, ఆ నగరం ఎన్నుకున్న తొలి నల్లజాతి మేయరుగా పదిహేడేళ్లు పనిచేసిన విల్లీ హెరెంటన్ స్వయంగా దిగి, టెనెసీ నుంచి కాంగ్రెస్‌కు నల్లవారు ‘ఒక్కరైనా’ ఉండాలని ప్రచారం చేశారు. అందులో న్యాయం లేకపోలేదు కూడా. అయినా కోహెన్‌కు మళ్లీ దాదాపు అంతే వచ్చింది. రాష్ట్ర సెనేట్‌లో ఉన్నప్పుడు లాటరీ తెప్పించి ఆ డబ్బును విద్యార్థుల ఉపకారవేతనాలకు మళ్లించిన మనిషి, బానిసత్వానికి క్షమాపణ కోరుతూ ప్రతినిధుల సభలో తీర్మానం నెగ్గించిన మనిషి అని మెంఫిస్ వారికి తెలుసు. ఈ సంగతులకు తమ పట్టికలో గడి లేదు కనుక, జాతీయ ఛానళ్లకు మెంఫిస్‌లో పెద్దగా పని పడలేదు.

స్త్రీల గడి సంగతి క్లుప్తంగా. 1984లో జెరాల్డీన్ ఫెరారో డెమోక్రాట్ల ఉపాధ్యక్ష అభ్యర్థి అయితే స్త్రీలలో అధికులు రీగన్‌కు వేశారు. 2008లో క్లింటన్ అభిమానులు తరలివస్తారని రిపబ్లికన్లు శారా పేలిన్‌ను ఉపాధ్యక్ష పదవికి నిలబెడితే స్త్రీలు 56–43తో ఒబామా వైపు నిలిచారు. తమ లెక్క ప్రకారమే 2020లో బైడెన్ అనే పురుషుడికి స్త్రీలలో 57 శాతం వస్తే, 2024లో కమలా హారిస్‌కు వచ్చింది 53. అయినా సిద్ధాంతానికి గీత పడలేదు. స్త్రీలు స్త్రీకి వేస్తే స్త్రీత్వం, వేయకపోతే స్త్రీద్రోహం, ఎటు పడినా పందెం ఛానలుదే.

మా వైపు కూడా తమ శిష్యులు తయారయ్యారు. 2024లో తమిళనాడులో హారిస్ తాతగారి ఊరైన తులసేంద్రపురంలో ఆమె కోసం పూజలు జరిగితే, ట్రంప్ ఉపాధ్యక్ష అభ్యర్థి జె.డి. వాన్స్ భార్య ఉషా చిలుకూరి మూలాలు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో ఉన్నాయని మా ఛానళ్లు ఆయనను తెలుగింటి అల్లుణ్ణి చేసి కూర్చోబెట్టాయి. అక్కడి మనవారు ఇక చెన్నపట్నపు ఆడపడుచుకు వేస్తారా, గోదావరి అల్లుడికి వేస్తారా అన్న మీమాంసలో గ్రీన్ కార్డు క్యూ, వీసా నిబంధనలు, ఇంటి పన్ను, పిల్లల బడి అన్నీ కొట్టుకుపోయాయి.

తమ దగ్గర అసలు సమాచారం లేక కాదు. ఆ 2024లోనే ఓటర్లలో మూడింట రెండు వంతుల మంది ఆర్థిక పరిస్థితి బాగాలేదని తమతో చెప్పారు, అలా చెప్పినవారిలో అత్యధికులు ట్రంప్‌కే వేశారు. దాదాపు అందరూ లాటినోలే ఉన్న టెక్సస్‌లోని స్టార్ కౌంటీ, నూరేళ్లకు పైగా డెమోక్రాట్లను వదలనిది, ఆ ఏడాది ట్రంప్ వైపు వెళ్లింది. వారిని ‘లాటినో ఓటు’ అని ఒక్క మాటతో పిలిచినవారే ఆశ్చర్యపోయారు. సరుకుల ధరల గురించి అక్కడివారిని ముందే అడిగి ఉంటే సరిపోయేది. కనుక వచ్చే ఎన్నికల రాత్రి ఆ ప్రశ్నల వరుసను పైకి జరిపి, స్త్రీ పురుష గడులను కిందికి దించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయ ప్రేక్షకుడు

తా.క.: 2022లో జార్జియా సెనేట్ పోటీలో డెమోక్రాట్ వార్నాక్, రిపబ్లికన్ వాకర్ ఇద్దరూ నల్లజాతి పురుషులే. తమరు ఇచ్చిన లెక్కలో నల్లవారిలో సుమారు 90 శాతం వార్నాక్‌కు, తెల్లవారిలో సుమారు 70 శాతం వాకర్‌కు వేశారు. జాతిని బట్టి ఓటు అన్న సూత్రంతో ఈ రెండు అంకెలనూ ఏ విశ్లేషకుడి చేతనైనా చదివించి, ఆ వీడియో పంపించగలరు.