రెడ్‌స్టోన్‌ని సిలబస్‌లో పెట్టండి, పీడ విరగడవుతుంది

మన నెల్లూరు జిల్లాలో పిల్లలు ఎలా చెడిపోతున్నారో అందరికీ తెలుసు, రీల్సు, బెట్టింగు యాప్‌లు, బండి సైలెన్సర్లు. వీటన్నిటికీ మనం అలవాటుపడ్డాం. ఇప్పుడు వచ్చింది అసలు ముప్పు. కావలిలో మా అక్క కొడుకు, తొమ్మిదో తరగతి, ఎవరూ చెప్పకుండా, ఫౌండేషన్ కోర్సు ఫీజు కట్టకుండా, కనీసం ర్యాంకు కూడా లేకుండా, మైన్‌క్రాఫ్ట్ అనే ఆటలో రెండు అంకెలు ఇస్తే కూడి చెప్పే యంత్రం కట్టేశాడు. పని చేస్తోంది కూడా. బాధంతా అక్కడే.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. ఆ ఆటలో ప్రపంచమంతా దిమ్మలే. 2010లో అందులోకి రెడ్‌స్టోన్ అని ఒక ఎర్ర పొడి వచ్చింది, నేల మీద చల్లితే అదే వైరు. సిగ్నల్ 15 దిమ్మల దూరం పోయి చచ్చిపోతుంది, ఇంకా పోవాలంటే మధ్యలో రిపీటర్ పెట్టాలి. ఇక రెడ్‌స్టోన్ టార్చి ఒకటుంది, అది తగిలించిన దిమ్మకి కరెంటు రాగానే ఆరిపోతుంది. కరెంటు పోతే దీపం ఆరడం చూసి పెరిగినవాళ్లం, కరెంటు వస్తే ఆరడమేంది? నాట్ గేటంట, గేటంటే వచ్చిన సిగ్నల్‌ని బట్టి అవునో కాదో తేల్చే సర్క్యూటు, ఇదేమో వచ్చినదాన్ని తిరగేస్తుంది. ఆ దిమ్మకే రెండు వైర్లు తెచ్చి కలిపితే, ఏ ఒక్కదాంట్లో కరెంటు వచ్చినా టార్చి ఆరుతుంది, అది నార్ గేటు. ఇక నార్ గేటు చేతికొచ్చిందంటే మిగతా గేట్లన్నీ దాంతోనే కట్టుకోవచ్చు. రెండు టార్చిలు పెట్టి దీన్ని అది, దాన్ని ఇది ఆర్పేలా కలిపితే చివరిగా ఎవరు మీట నొక్కారో గుర్తుపెట్టుకుంటుంది, ఒక బిట్టు మెమరీ. తొమ్మిదో తరగతి పిల్లోడికి ఇవన్నీ అవసరమా?

వాడి అన్న మాత్రం పద్ధతిగా చదువుకున్నాడు. ఈసీఈ మూడో సంవత్సరం, డిజిటల్ ఎలక్ట్రానిక్స్ మొదటిసారే పాస్. ఫుల్ యాడర్, అంటే బిట్లు కూడే సర్క్యూటు, బొమ్మ నిద్రలో లేపి అడిగినా గీస్తాడు, ఇంపార్టెంట్ క్వశ్చన్ కదా. 7402 అనే నార్ గేట్ల ఐసీని ల్యాబ్‌లో కళ్లారా చూశాడు, ముందున్న నలుగురి భుజాల మీదుగా. ఎల్‌ఈడీ వెలగలేదు గానీ రీడింగులు మాత్రం సరిగ్గా వచ్చాయి, సీనియర్ రికార్డులో అవి ముందే ఉన్నాయి. ఇలాంటివాడు మొన్న తమ్ముడి పక్కన కూర్చుని, "క్యారీ ఎటు పోతుందిరా?" అని, కూడికలో పక్క స్థానానికి పోయే అంకె గురించి అడిగాడు. "చూడన్నా, ఎర్రగా పోతా ఉండేది అదే" అన్నాడు చిన్నోడు. ఒక్కో టార్చి దగ్గర సెకనులో పదో వంతు ఆగుతుంది కాబట్టి క్యారీ ఒక గేటు నుంచి ఇంకో గేటుకి పోవడం కంటికి కనిపిస్తుందంట, కావాలంటే దాని పక్కనే నడుచుకుంటూ పోవచ్చంట. పెద్దోడు పది నిమిషాలు మాట్లాడలేదు. రెండేళ్లు కష్టపడి మార్కులు తెచ్చుకున్న బిడ్డ మనసు అలా విరిచెయ్యడం న్యాయమా అని మా అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది.

క్లాడ్ షానన్ అనే అమెరికా ఇంజినీరు రిలే స్విచ్చులతో బూలియన్ లెక్కలు, అంటే అవును-కాదు లెక్కలు, చెయ్యొచ్చని 1937లోనే రాశాడు, నిజమే, కానీ ఆయన ఎంఐటీలో మాస్టర్స్ థీసిస్‌గా రాశాడు. అంటే గైడు ఉన్నాడు, సంతకం ఉంది. అపోలో నౌకలకు దారి చూపిన కంప్యూటర్ లాజిక్ మూడు ఇన్‌పుట్ల నార్ గేట్లతో కట్టారు, దానికి చంద్రుడనే ఒక లక్ష్యం ఉంది. ఈ ఆటలో జనం ప్రాసెసర్లు కట్టారు, స్క్రీన్లు కట్టారు, 2025లో ఒకరు చిన్న లాంగ్వేజ్ మోడల్ కూడా కట్టారు. ఏ నోటిఫికేషన్ కోసం? ఏ కట్ ఆఫ్ కోసం?

నిషేధిస్తే దుప్పట్లో దూరి ఆడతారు. అందుకని నా మనవి, దీన్ని సిలబస్‌లో పెట్టండి. ఒకటో యూనిట్, రెడ్‌స్టోన్ నిర్వచనము, ధర్మములు, ఉపయోగములు. టార్చి బొమ్మ పెన్సిల్‌తో గీసి భాగాలు గుర్తించాలి. ఆట తెరవడం మాత్రం ఫైనలియర్‌లో, అదీ ఎక్స్‌టర్నల్ వచ్చిన రోజు. టార్చిని మరీ గబగబా ఆర్పి వెలిగిస్తే కాసేపు పనిచెయ్యడం మానేస్తుంది, దానికి కారణం కోసం మావాడు రాత్రంతా మేలుకుని వెతుకుతున్నాడు. దీన్నే రెండు మార్కుల ప్రశ్న చేస్తే మర్నాటికే మర్చిపోతాడు. తెల్లారి ఐదింటికి స్టడీ అవర్, ఆదివారం వీకెండ్ టెస్టు, వీఆర్సీ సెంటర్లో "రెడ్‌స్టోన్‌లో మా ప్రభంజనం" అని ఫ్లెక్సీ పడితే చాలు, జిల్లాలో ఒక్క పిల్లోడు కూడా ఆ ఎర్ర పొడి ముట్టుకోడు.

చిక్కల్లా పరీక్షలో పిస్టన్ మీద ప్రశ్న వస్తేనే. దిమ్మని తోసే యంత్రం అది. కంప్యూటర్లో ఆడే జావా ఎడిషన్‌లో దాని పైనున్న ఖాళీ చోటికి కరెంటు అందినా పనిచేస్తుంది, కానీ పక్కన ఏదో ఒకటి కదిలితే తప్ప ఆ సంగతి దానికి తెలియదు, రెవెన్యూ ఆఫీసులో ఫైలు లాగే. మొదట్లో అది బగ్గే, ఇప్పుడు ఆనవాయితీ. ఫోన్లో ఆడే బెడ్‌రాక్ ఎడిషన్‌లో ఈ వింత లేదు. మన పిల్లల్లో ఎక్కువమందికి ఉన్నది ఫోనే, కీ తయారుచేసే సారుకి ఉండేదేమో ఆఫీసు కంప్యూటరు. ఫోన్లో ఆడి చూసినట్టే రాసినోడికి సున్నా వేస్తారు, తల్లిదండ్రులు కలెక్టరేట్ ముందు టెంటు వేస్తారు, చివరికి ఆ ప్రశ్నకి అందరికీ మార్కులు కలుపుతారు, పేపర్ అసలు రాయనోళ్లతో సహా.