ఫోను ఇట్టా ఇయ్యి, నేను చేస్తా

ఆమధ్య ఒక ఆదివారం ఊరెళ్ళినప్పుడు ఎందుకో లెక్కపెట్టుకున్నాను. పొద్దున బస్సు దిగినప్పటినుంచి సాయంత్రం మళ్ళీ నెల్లూరు బస్సెక్కే లోపల మా అమ్మ చేతిలోంచి ఫోను 7 సార్లు లాక్కున్నాను. గ్యాస్ బుక్ చేయాలంది, లాక్కున్నా. డ్వాక్రా వాయిదా పోయిందో లేదో చూడాలంది, లాక్కున్నా. మనవరాలి ఫొటో చెల్లెలికి పంపాలంది, అదీ లాక్కున్నా. ప్రతిసారీ నా నోట్లోంచి ఒకటే మాట: "ఇట్టా ఇయ్యిమా, నేను చేస్తా." ఏడోసారి ఆమె ఫోను నా ఒళ్ళో పడేసి, "దీన్ని నువ్వే నెల్లూరు తీసకపో నాయనా, నాకెందుకు" అని బర్రె దగ్గరికి వెళ్ళిపోయింది.

"ముసలోళ్ళకి ఇవన్నీ ఎక్కవులే" అనేవాళ్ళకి ముందుగా ఒక సంగతి చెప్పాలి. మాది నెల్లూరు జిల్లా కలిగిరి వైపు మెట్ట పల్లె. 1990ల మొదట్లో మన జిల్లాలో అక్షర దీపం పేరుతో రాత్రి బడులు నడిచినప్పుడు మా అమ్మకి ముప్పై దాటాయి. పగలంతా పొగాకు పనికి పోయి, రాత్రి లాంతరు ముందు కూర్చుని అక్షరాలు దిద్దింది. ఆ వాచకంలో మొగుడు కూలి డబ్బులు సారాకి తగలేస్తే ఇల్లాలు పడే బాధ ఒక పాఠం. చదివిన ఆడవాళ్ళకి అది పాఠంలా అనిపించలేదు, తమ ఇల్లే కనిపించింది. ఆ తర్వాత జరిగింది అందరికీ తెలుసు. దూబగుంట రోశమ్మ లాంటివాళ్ళు కదిలారు, ఊరూరా సారా దుకాణాలు మూయించారు, వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. రాత్రి బడికి పోయిన కూలి ఆడవాళ్ళు చేసిన పని ఇది. వాళ్ళకి ఒక యాప్ ఎక్కదంటే నేను నమ్మను.

మరి తేడా ఎక్కడ వచ్చింది? వాళ్ళకి అప్పుడు చదువు నేర్పారు. మనం ఇప్పుడు వేలిముద్ర వేయిస్తున్నాం, అంతే. "ఇక్కడ నొక్కు, ఇప్పుడు ఇక్కడ నొక్కు, అయిపోయింది." యాప్ కొత్త వెర్షన్ వచ్చి ఆ బటన్ పైనుంచి కిందికి జరిగితే చాలు, నేర్చుకున్నదంతా గంగలో కలిసినట్టే.

ప్రభుత్వం ఏమీ చేయలేదనను. గ్రామాల్లో 6 కోట్ల మందికి డిజిటల్ అక్షరాస్యత అని కేంద్రం 2017లో పథకం పెట్టింది, ఇంటికొకరి చొప్పున, 20 గంటల శిక్షణ. కానీ ఇంటికొకరు అంటే మన ఇళ్ళల్లో ఎవరు వెళ్తారో చెప్పండి. అప్పటికే ఫోను నొక్కడం వచ్చిన కుర్రాడు వెళ్తాడు. వచ్చాక వాడు కూడా "ఇట్టా ఇయ్యి పెద్దమ్మా" అనే అంటాడు.

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు" అనే ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని, అందరికీ అంతా నేర్పేశామని చేతులు దులుపుకోవడం. మా పక్కింటి అత్త పోయిన ఏడాది బర్రెని అమ్మకానికి పెట్టింది. కొడుకు ఫొటో తీసి ఫోన్‌లో పెట్టాడు. ఎవడో ఫోన్ చేసి, బేరం కూడా ఆడకుండా "అడ్వాన్స్ పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బులు మీ ఖాతాలో పడతాయి" అన్నాడు. కొట్టింది. 9,500 పోయాయి. బ్యాంకుకి పోతే అక్కడాయన మొదట అడిగింది "ఓటీపీ ఎవరికైనా చెప్పావా?" అని. ఆమె జవాబు నా చెవిలో ఇప్పటికీ ఉంది: "ఎవరికీ చెప్పలేదయ్యా, నేనే నొక్కాను."

నిజమే కదా. ఆమె నియమం తప్పలేదు. ఆ నియమం ఎందుకుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, మన ఖాతాలోంచి పోవడానికే కావాలి. యూపీఐ వచ్చింది 2016లో. ఇన్నేళ్ళకీ ఈ ఒక్క ముక్క మా వీధిలో సగం మందికి తెలియదు. ఇంకో ముక్క, ఇట్టాంటిది జరిగితే వెంటనే 1930కి, అంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయాలని. దొంగ ఆ డబ్బుని ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకి తోసేస్తూ పోతాడు, బయటికి తీసేలోపల పట్టుకుంటేనే ఆపగలరు. అత్త పరువు పోతుందని మర్నాడు సాయంత్రం దాకా కొడుక్కి కూడా చెప్పలేదు.

నెట్ సెంటర్ గోల ఇంకోటి. మా అమ్మ దరఖాస్తులన్నీ మండలంలో ఒక కుర్రాడే చేసేవాడు. మంచోడే. ఆమెకి ఫోను చూసి ఓటీపీ చెప్పడం ఆలస్యమవుతుందని ప్రతి ఫారంలో తన నంబరే కొట్టాడు. మా అమ్మ ఒక్కతే కాదు, సగం ఊరికి అదే నంబరు. ఇప్పుడు వాడు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నాడు, మా ఊరి ఓటీపీలు కూడా అక్కడే మోగుతున్నాయి. వాడికి ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నానన్నా" అంటాడు. ఏమనాలి వాణ్ణి?

బళ్ళో పరిస్థితి కూడా అంతే. మా అక్క కొడుకు ఎనిమిదో తరగతి. కంప్యూటర్ పితామహుడు ఎవరంటే ఛార్లెస్ బాబేజ్ అని నిద్రలో కూడా చెప్తాడు. ఒక మెసేజ్ నిజమో కాదో ఎట్టా తెలుసుకోవాలిరా అంటే, "చాలామంది పంపితే నిజం మామా" అన్నాడు.

మళ్ళీ అమ్మ దగ్గరికి. ఆ ఆదివారం బస్సులో కూర్చున్నాక సిగ్గేసింది. పోయిన వారం మళ్ళీ వెళ్ళాను. ఈసారి నా చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నా. అక్షరాలా. ఆమె ఫోనూ నా ఫోనూ మంచం మీద పెట్టి, నాకు 10 రూపాయలు పంపమన్నాను. పావుగంట పట్టింది. మధ్యలో రెండుసార్లు నా చెయ్యి దానంతటదే లేచింది. పిన్ అడిగింది, కొట్టింది, పోయాయి. తర్వాత నేను ఆమెకి 10 పంపాను. టింగుమంది. కాసేపు చూసి, "రావడానికి నన్నేమీ అడగలేదే!" అంది.

"చెక్కు మీద సంతకం ఇచ్చేటప్పుడు పెడతావా, పుచ్చుకునేటప్పుడా?" అన్నాను. డ్వాక్రా లీడర్‌గా పదేళ్ళు చెక్కుల మీద సంతకాలు పెట్టిన మనిషి. ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. గోడ మీదుగా పక్కింటి అత్తని పిలిచింది, నన్ను పక్కకి జరగమని తనే మళ్ళీ 10 రూపాయల ఆట మొదలుపెట్టింది.

సర్వర్ డౌన్ అంటే ఏందని కూడా ఆ రోజే అడిగింది. ఇన్నాళ్ళూ సచివాలయంలో ఆ మాట విన్నప్పుడల్లా హోటల్లో వడ్డించేవాడికి ఒంట్లో బాగాలేదేమో అనుకునేదట. నవ్వుతూ చెప్పింది గానీ, సగం నిజమే అనుకుంటా. మన ఖాతా పుస్తకం ఎక్కడో దూరాన ఒక పెద్ద మిషన్లో ఉంటుంది, అందరూ ఒకేసారి తలుపు తడితే అది పలకదు, కాసేపాగి పోవాలి అన్నాను. "అయితే వాళ్ళని తిట్టి లాభం లేదన్నమాట" అంది. ఎప్పుడు తిట్టాలో తర్వాత చెప్తానన్నాను.

చివర్లో ఫొటోకి పూలదండ చట్రం పెట్టే యాప్ ఒకటి కావాలంది, తిరునాళ్ళ ఫొటోలకి. తనే ఎక్కించుకుంది. తెరవగానే ఏదో అడిగింది. అలవాటు కొద్దీ నేను వేలు పెట్టి అనుమతి నొక్కేశాను.

"ఏం అడిగిందది?" అంది.

చూస్తే కాంటాక్టులు.

"ఫొటోకి దండ వేసేదానికి మన చుట్టాల నంబర్లు ఎందుకంట?"

నా ఫోనులో ఇట్టాంటి యాప్‌లు ఎన్నున్నాయో ఆ రాత్రి బస్సులో కూర్చుని చూసుకున్నాను. సెట్టింగుల్లో ఆ జాబితా ఎక్కడుంటుందో వెతుక్కోవడానికే నాకు కావలి దాటేదాకా పట్టింది.