టైఫాయిడ్ మేరీ వేల మందిని చంపిందా? ఆ ఫార్వర్డ్‌లో ఉన్న తప్పులు ఇవీ

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. న్యూయార్క్‌లో మేరీ అనే వంటమనిషి తన ఒంట్లో టైఫాయిడ్ ఉందని తెలిసీ కావాలనే వండిపెట్టి వేల మందిని చంపిందట, ఆపరేషన్ చేయించుకోమంటే మొండికేసిందట, అందుకే జీవితాంతం దీవిలో పెట్టారట, రోగం మోసేవాళ్లందర్నీ అలా బంధిస్తేనే జబ్బులు ఆగుతాయట. చదువుకున్నవాళ్లు కూడా ముందూ వెనకా చూడకుండా పంపించేస్తున్నారు కాబట్టి ఒక్కొక్కటీ చెప్తా.

"వేల మందిని చంపింది." శుద్ధ అబద్ధం. మేరీ మాలన్ వల్ల జబ్బు పడ్డారని లెక్కకొచ్చినవాళ్లు 50 మంది అటూ ఇటూ, చనిపోయినవాళ్లు ముగ్గురు. లెక్కకి రానివాళ్లు ఇంకొందరు ఉండొచ్చు, కాదనను, కానీ వేలు అనడానికి ఎక్కడా ఆధారం లేదు. అప్పట్లో, అంటే 1900ల మొదట్లో, న్యూయార్క్‌లో ఏటా టైఫాయిడ్ కేసులే వేలల్లో ఉండేవి, చావులు వందల్లో, ఆ ఊరి మొత్తం పాపం తెచ్చి ఒక్క ఆడమనిషి నెత్తిన రుద్దుతున్నారు.

"తెలిసీ కావాలనే చేసింది." ఇది కొంచెం వివరంగా చెప్పాలి. 1906 ఎండాకాలంలో న్యూయార్క్ దగ్గర ఆయిస్టర్ బే అనే ఊళ్లో ఒక బ్యాంకర్ కుటుంబం ఇల్లు అద్దెకి తీసుకుంటే ఆ ఇంట్లో ఉన్న 11 మందిలో ఆరుగురికి టైఫాయిడ్ వచ్చింది. ఇల్లుగలాయన జార్జ్ సోపర్ అనే శానిటరీ ఇంజనీర్‌ని పెట్టుకున్నాడు. ఆయన అన్నీ వెతికి చివరికి వంటమనిషి మేరీ దగ్గర ఆగాడు, అయితే వేడి వేడిగా వండిన దాంట్లో ఆ క్రిమి బతకదు కదా, మరి ఎలా అంటే, ఆమె చేసే ఐస్‌క్రీమ్, అందులో పచ్చి పీచ్ పండ్లు కోసి వేసేది. పొయ్యి మీదకి ఎక్కని వస్తువు, నేరుగా చేత్తో కోసింది. ఇదీ సోపర్ పట్టుకున్న లింకు.

ఇప్పుడు మేరీ వైపు నుంచి చూడండి. తనకెప్పుడూ టైఫాయిడ్ రాలేదంటుంది, మనిషి దుక్కలా ఉంది. ఎవడో తెలియనివాడు వంటింట్లోకి వచ్చి నీ వల్లే జనం చస్తున్నారు, మలం, మూత్రం, రక్తం ఇవ్వు అంటాడు. ఆమె ఫోర్కు తీసుకుని తరిమింది. ఒంట్లో జబ్బు లేకుండానే మనిషి క్రిమిని మోస్తాడన్న సంగతి అప్పటికి డాక్టర్లకే కొత్త, అమెరికాలో అలా గుర్తించిన మొదటి మనిషే ఈమె. 1907లో నగర ఆరోగ్య శాఖ డాక్టర్ జోసెఫిన్ బేకర్ పోలీసుల్ని వెంటేసుకొచ్చి, గంటల తరబడి వెతికి, అంబులెన్సులో ఆమె మీద కూర్చుని మరీ తీసుకెళ్లింది. ఆమెని ఉంచిన నార్త్ బ్రదర్ దీవిలో చేసిన 163 పరీక్షల్లో 120 పాజిటివ్, 43 నెగటివ్. పైగా తన ఖర్చుతో ప్రైవేటు ల్యాబులో చేయించుకుంటే నెగటివ్ వచ్చింది. మరి ఎలా నమ్ముతుంది?

1915 సంగతి మాత్రం వేరు. 1910లో వంటపని చెయ్యనని మాట తీసుకుని వదిలారు, బట్టలుతికే పని చూపించారు, అందులో జీతం చాలా తక్కువ. కొన్నాళ్లకి మిసెస్ బ్రౌన్ అని పేరు మార్చుకుని స్లోన్ ప్రసూతి ఆసుపత్రిలో వంటకి చేరింది. అక్కడ 25 మందికి జబ్బు, ఇద్దరు పోయారు, ఆమెని మళ్లీ దీవికి పంపారు. ఇది ముమ్మాటికీ ఆమె తప్పే, నేను వెనకేసుకురాను. కానీ మాట తప్పడం వేరు, చంపాలని వండటం వేరు, ఆ రెండోదానికి రుజువు లేదు.

"ఆపరేషన్‌కి మొండికేసింది." క్రిమి పిత్తాశయంలో తిష్ఠ వేస్తుంది కాబట్టి దాన్ని తీసేస్తామన్నారు, నిజమే. యాంటీబయాటిక్స్ లేని రోజులు అవి, కడుపు కోస్తే మనిషి లేస్తాడో లేదో తెలీదు, కోసినా క్రిమి పోతుందన్న గ్యారంటీ లేదు. ఏ జబ్బూ లేదనుకునే మనిషి ఒప్పుకోకపోవడంలో వింతేముంది?

"ప్రమాదం కాబట్టే జీవితాంతం బంధించారు." నాకు బాగా కోపం తెప్పించింది ఇదే. ఆమె చనిపోయేనాటికి, అంటే 1938కి, న్యూయార్క్ రికార్డుల్లో ఇలాంటి క్యారియర్లు, అంటే జబ్బు లేకుండానే క్రిమిని మోసేవాళ్లు, 400 మందికి పైగా ఉన్నారు. టోనీ లాబెల్లా అనే అతని వల్ల 100 మందికి పైగా జబ్బు పడి ఐదుగురు పోయారు, అతన్ని కొద్ది వారాలకే వదిలేశారు. అల్ఫోన్స్ కోటిల్స్ అని బేకరీ ఓనరు, తిండి వస్తువులు ముట్టుకోవద్దని చెప్పినా 1924లో మళ్లీ తన బేకరీలో దొరికాడు, ఇకమీదట ఫోన్‌లోనే వ్యాపారం చూసుకుంటానంటే జడ్జి శిక్ష ఆపేశాడు. మేరీకి మాత్రం రెండుసార్లూ కలిపి 26 ఏళ్లు. ఐర్లాండ్ నుంచి వలసొచ్చిన, వెనకా ముందూ ఎవరూ లేని ఒంటరి పనిమనిషి కాకపోయి ఉంటే ఇన్నేళ్లు ఉంచేవాళ్లని నేననుకోను.

ఇక "బంధిస్తేనే జబ్బులు ఆగుతాయి" అన్నది. టైఫాయిడ్ వచ్చి తగ్గినవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురు క్యారియర్లుగా మిగులుతారు, ఏటా వేల కేసులున్న ఊళ్లో వాళ్లందర్నీ ఏ దీవిలో పెడతారు? అక్కడ జబ్బు తగ్గింది నీళ్ల వల్ల. 1908లో జెర్సీ సిటీ తాగునీటిలో క్లోరిన్ కలపడం మొదలుపెట్టింది, తర్వాత మిగతా ఊళ్లు అదే దారి పట్టాయి, ఫిల్టర్లు వచ్చాయి, మురుగు వేరే దారి పట్టింది, పాలు వేడిచేసి అమ్మడం వచ్చింది. ఇప్పుడైతే క్యారియర్‌కి కూడా చాలావరకు యాంటీబయాటిక్ కోర్సుతో నయం చేస్తున్నారు, ఆరు నెలల పిల్లల నుంచీ వెయ్యగల టీకా ఉంది, ఆ రకంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫికేషన్ (నాణ్యత, భద్రత చూసి ఇచ్చే ఆమోదం) ముందుగా వచ్చింది మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ చేసినదానికే.