రైట్‌క్లిక్ గారికి ఉద్దానం నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ రైట్‌క్లిక్ గారి దివ్య సముఖానికి,

శ్రీకాకుళం నుంచి ఒక రీసెర్చ్ స్కాలర్ నమస్కరించి రాయునది. మేమంతా ఇక్కడ క్షేమం. ల్యాబులో మైక్రోస్కోపు రిపేరుకి వెళ్లింది, సెంట్రిఫ్యూజ్ మూలుగుతోంది. మీరు మాత్రం ఒక్క రోజైనా సెలవు పెట్టకుండా ‘సేవ్ ఇమేజ్ యాజ్’ అంటూ సేవ చేస్తూనే ఉన్నారు.

మా పని మీకు తెలియంది కాదు. కవిటి, సోంపేట, కంచిలి వైపు కొబ్బరి, జీడి తోటల మధ్య జనానికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇన్నేళ్లయినా ఇదీ కారణమని తేలలేదు. రక్తం, మూత్రం, తాగే నీళ్ల శాంపిళ్ల కోసం ఊరూరా తిరుగుతాం. ఒక్కో అంకెనీ పదే పదే సరిచూస్తాం. తీరా పేపర్లో ఫిగర్ 1 దగ్గరికొచ్చేసరికి పెద్దలందరిదీ ఒకటే మాట: “గూగుల్లో బోల్డు కిడ్నీలున్నాయి, ఏదో ఒకటి పెట్టేయ్.”

మా సీనియర్ ఒకాయన పెట్టారు కూడా. నిగనిగలాడే ఎర్ర కిడ్నీ, దాని మీద ఐమూలగా బొమ్మలమ్మే సైటు వారి బూడిదరంగు పేరు. ఆ పేరుని తెల్ల బ్రష్షుతో చెరిపితే దాంతోపాటు రక్తనాళం కూడా సగం పోయింది. పేషెంటు బతకడు గానీ పేపర్ బతుకుతుందని ధీమా. అంగీకార పత్రం మీద సంతకానికొచ్చిన పెద్దాయన స్క్రీన్ వైపు చూసి, “ఈ కిడ్నీ ఎవుల్ది బావూ? మా ఊర్లో ఇంత నున్నంది నేదు” అన్నాడు. రివ్యూయర్ అడగాల్సిన ప్రశ్న అది!

ఎందుకంటే ఉద్దానం జబ్బు ఎక్కువగా దెబ్బతీసేది కిడ్నీలోని సన్నటి గొట్టాల్ని, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని. చివరికి కిడ్నీ కుంచించుకుపోతుంది. మీరు తెచ్చిన బొమ్మలో గ్లోమెరులస్, అంటే రక్తాన్ని వడగట్టే సన్న రక్తనాళాల ఉండ, బంతిలా పెద్దగా ఉంది, గొట్టాలు గీతలంత. బాణం గుర్తు పెట్టడానికి జబ్బుకి చోటే లేదు.

జర్నల్ వారు మరీ చాదస్తులు. 300 డీపీఐ, అంటే అచ్చులో అంగుళానికి 300 చుక్కలు కావాలంటారు. మీరు దయచేసిన బొమ్మ వెడల్పు 400 పిక్సెళ్లు. ఆ లెక్కన అచ్చులో మూడున్నర సెంటీమీటర్లకి మించి సాగదు, వాళ్ల కాలమ్ చూస్తే ఎనిమిదిన్నర. సాఫ్ట్‌వేర్‌లో డీపీఐ దగ్గర 72 కొట్టేసి 300 అని టైపు చేస్తే పిక్సెళ్లు పిల్లల్ని పెడతాయని మా డిపార్ట్‌మెంట్లో గట్టి నమ్మకం.

ఇక కింద ‘ఆధారం: గూగుల్’ అని రాస్తే పాపం కడుక్కుపోతుందట. రంగు మారిస్తే సొంతమైపోతుందట. యూజీసీ 2018 నిబంధనలు వేరేవాళ్ల రాతతో అక్షరాల పోలిక పది శాతం దాటితే ఊరుకోవు. పోలిక పట్టే సాఫ్ట్‌వేర్ బొమ్మ జోలికి రాదు కాబట్టి, ఆ ధైర్యంతోనే మీ సామ్రాజ్యం నడుస్తోంది.

మీకు పోటీదారులున్నారని చెప్పడానికి మనసు రావడం లేదు. సెర్వియర్ మెడికల్ ఆర్ట్‌లో అవయవాల బొమ్మలు ఉచితం, పేరు చెప్పి వాడుకుంటే చాలు. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ వారి బయోఆర్ట్ ఉంది. జంతువుల నీడబొమ్మలకి ఫైలోపిక్ ఉంది. సైన్స్ బొమ్మలు గీసుకునే సైటు బయోరెండర్ అందంగానే ఉంటుంది గానీ, ఉచిత ఖాతాలో గీసింది జర్నల్లో అచ్చు వేయకూడదు. ఆ సంగతి మనవాళ్లకి పేపర్ యాక్సెప్ట్ అయ్యాకే తెలుస్తుంది. ఏఐనే గీయమంటే సరి అనే తెలివైనవాళ్లూ ఉన్నారు. 2024లో ఒక జర్నల్లో ఏఐ గీసిన ఎలుక బొమ్మ వచ్చింది. అవయవాలు ఒళ్లుకంటే పెద్దవి, లేబుళ్లు ఏ భాషలోనూ లేవు. లోకమంతా నవ్వాక పేపర్‌ని వెనక్కి తీసుకున్నారు.

ఇన్ని ఉన్నా ఎండలో కొబ్బరి దింపు తీసే మనిషి ఎందులోనూ దొరకడు. తెల్లకోటు డాక్టరు ఉంటాడు, తెల్ల ఎలుక ఉంటుంది. అందుకే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ పట్టాను. 2003 నుంచీ ఉచితంగా ఉంది, ఎంత పెద్దది చేసినా గీత పగలదు. పెన్ టూల్‌తో చెట్టు గీస్తే మొదట చీపురులా వచ్చింది. ఇప్పుడు తాటిచెట్టు దాకా వచ్చాను, కొబ్బరి దగ్గర్లోనే ఉంది. గొట్టాల్ని మాత్రం వాటికి ఇవ్వాల్సినంత పెద్దగా గీశాను. బాణం సరైన చోట దిగింది.

మీరేం దిగులు పడకండి. ఇంక్‌స్కేప్‌లోనూ మీకు కొలువుంది: బొమ్మ మీద మిమ్మల్ని నొక్కితే గ్రూప్, అన్‌గ్రూప్ అంటూ మెనూ తెరుచుకుంటుంది. జీతం ఇకమీదట అక్కడే తీసుకోగలరు.

ఇట్లు,
తమ మాజీ విధేయుడు