జిన్ను గెలిచింది, పాలు వెళ్లిపోయాయి

క్రీడల్లో నిజాయితీ చచ్చిపోయిందని వాపోయే పెద్దలకు నాదొక విన్నపం. ఒక్కసారి ఫిలిప్పీన్స్ వైపు చూడండి. అక్కడ పీబీఏ అనే బాస్కెట్‌బాల్ లీగు ఉంది. పూర్తి పేరు ఫిలిప్పీన్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్. 1975లో పుట్టింది. ఆసియాలో మొట్టమొదటి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగు. ఇన్నేళ్లలో అది ఒక్క అబద్ధం ఆడలేదు. జట్టంటే ఊరి పరువనీ, కన్నతల్లి రుణమనీ ఏనాడూ బుకాయించలేదు. జట్టంటే సరుకు. జెర్సీ మీద ఉన్నది సాయంత్రం దుకాణానికి వెళ్లి కొనుక్కోగలిగిన వస్తువు పేరు. అంతే.

మిగతా లీగులు ఈ విషయంలో ఎన్ని దొంగవేషాలు వేస్తాయో చూడండి. అమెరికా ఎన్‌బీఏలో లాస్ ఏంజెలిస్ జట్టు పేరు లేకర్స్. అంటే సరస్సుల వాళ్లు. ఆ సరస్సులున్నది మినియాపొలిస్‌లో. జట్టు 1960లో మూటాముల్లె సర్దుకుని లాస్ ఏంజెలిస్ వచ్చేసింది, సరస్సులను మాత్రం తెచ్చుకోలేకపోయింది. న్యూ ఆర్లియన్స్‌లో జాజ్ సంగీతం పేరు పెట్టుకున్న జట్టు 1979లో యూటా వెళ్లిపోయి, అక్కడా జాజ్ అనే పిలిపించుకుంటోంది. ఊరి మీద ప్రేమంటే ఇదన్నమాట. జిన్ను సీసా ఇలాంటి మోసం చెయ్యదు. ఏ ఊళ్లో మూత తీసినా జిన్ను జిన్నే.

అమెరికన్లు ఫిలిప్పీన్స్‌ని ఏలిన రోజుల్లో బడుల్లోనూ వైఎంసీఏల్లోనూ ఈ ఆట నేర్పారు. ప్రపంచంలో పొట్టివాళ్ల లెక్క తీస్తే ముందు వరసలో ఉండే జనానికి పొడుగువాళ్ల ఆట అంటగట్టడం వలసపాలనలో ఒక చమత్కారం. జనం దాన్ని చమత్కారంగా తీసుకోలేదు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఐదో స్థానం, 1954లో రియోలో జరిగిన ప్రపంచ పోటీల్లో కాంస్యం కొట్టుకొచ్చారు. అప్పటి ఆటగాళ్లు కాగితం మీద అమెచ్యూర్లు. మీకా అనే కంపెనీల లీగులో ఆడేవాళ్లు, పేరుకి కంపెనీ ఉద్యోగులు. జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం పెత్తనం కంపెనీలకు నచ్చలేదు. ఆటగాళ్లకు జీతమిచ్చేది మేము, దేశం జట్టుకు పట్టుకుపోయేది మీరా అని అలిగి 9 జట్లు బయటికొచ్చాయి. అదే పీబీఏ.

1975 ఏప్రిల్ 9న కెజాన్ సిటీలోని అరనెటా కొలీజియంలో మొదటి రోజు ఆట. అదే ఏడాది అక్టోబరులో మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ ఒకరినొకరు చావబాదుకున్నదీ ఆ హాల్లోనే. జట్ల జాబితా చూస్తే కొత్త కాపురానికి సామాన్ల చీటీలా ఉంటుంది. క్యారియర్ వాళ్ల ఏసీ, మరివాసా నోరిటాకే వాళ్ల పింగాణీ, టయోటా కారు, క్రిస్పా చొక్కాలు, యూటెక్స్ బట్టలు, సెవెనప్, రాయల్ ట్రు ఆరెంజ్, టండుయాయ్ రమ్ము. ఇంక పాలు పొంగించడమే తరువాయి. పాల కంపెనీ 1986లో వచ్చింది లెండి, దాని సంగతి తర్వాత.

క్రిస్పా జట్టు పూర్తి పేరు క్రిస్పా రెడ్‌మనైజర్స్. రెడ్‌మన్ అంటే ఏ వీరుడో అనుకోకండి. బట్ట ఉతికినా కుదించుకుపోకుండా చేసే పద్ధతి పేరది. లోకంలో జట్లన్నీ పులులు, సింహాలు, డేగలు అని పెట్టుకుంటుంటే, ఉతికినా కుదించుకుపోము అని పేరు పెట్టుకున్న జట్టుకు నేను చేతులెత్తి మొక్కుతాను. ఈ చొక్కాలకూ టయోటా కార్లకూ మధ్య పుట్టిన పగ దేశాన్ని రెండుగా చీల్చింది. వ్యాపార శాస్త్రంలో దీనికి వివరణ దొరకదు. బనియను కొనాలా, కారు కొనాలా అని ఊగిసలాడిన కొనుగోలుదారుడు మానవచరిత్రలో ఒక్కడూ లేడు. అయినా 1977లో ఒక మ్యాచ్ అయ్యాక ఈ రెండు జట్లూ పిడిగుద్దులకు దిగాయి. మార్షల్ లా రోజులు. ఆటగాళ్లను సరాసరి ఫోర్ట్ బోనిఫాసియో సైనిక శిబిరానికి తీసుకెళ్లి నిర్బంధించారు. ఫౌల్ చేస్తే రిఫరీ ఈల ఊదడం అన్ని లీగుల్లోనూ ఉంది. సైన్యం రావడం ఇక్కడే.

ఒక సీజన్‌లో మూడు కప్పులూ గెలిస్తే గ్రాండ్ స్లామ్ అంటారు. క్రిస్పా 1976లో ఒకసారి, 1983లో మరోసారి ఆ ఘనత సాధించింది. 1983లోనే దేశం ఆర్థికంగా కుప్పకూలింది. ఆ సీజన్ తర్వాత టయోటా తప్పుకుంది, మరుసటి ఏడాదికి క్రిస్పా వెళ్లిపోయింది. చొక్కా కుదించుకుపోదని హామీ ఇచ్చారే గానీ కంపెనీ గురించి ఎవరూ హామీ ఇవ్వలేదు.

ఇక్కడ అభిమాని అనేవాడి పరిస్థితి కాస్త ఆలోచించండి. 1988లో ప్యూర్‌ఫుడ్స్ హాట్‌డాగ్స్ జట్టును ప్రేమించాడనుకుందాం. కొన్నేళ్లకల్లా అది కోనీ ఐలాండ్ ఐస్‌క్రీమ్ అయింది. సరే, భోజనం తర్వాత ఐస్‌క్రీమే కదా అని సర్దుకున్నాడు. మళ్లీ హాట్‌డాగ్ అయింది. సర్దుకున్నాడు. 2010 తర్వాత కోళ్ల దాణా అయింది. బీ-మెగ్ ల్యమాడోస్. ల్యమాడో అంటే కోడిపందెంలో గెలుస్తుందని అందరూ కాసే పుంజు. 2012లో ఈ కోళ్ల దాణా ఫోను కంపెనీ జట్టును ఓడించి కప్పు కూడా ఎత్తింది. ఆ వెంటనే కాఫీ అయింది. సాన్ మిగ్ సూపర్ కాఫీ మిక్సర్స్ పేరు మీద 2014లో గ్రాండ్ స్లామ్ కొట్టింది. చరిత్రలోకెక్కింది కదా, ఇంక ఈ పేరే ఉంటుందనుకుని అతను పొరపాటున కాఫీ జెర్సీ కొనుక్కొని ఉంటే ఆ నష్టానికి బాధ్యుడు అతనే. ఇప్పుడా జట్టు మాగ్నోలియా. కట్టుకున్నవాళ్లు ఇన్ని పేర్లు మారిస్తే కోర్టుకెళ్లొచ్చు. జట్టు మారిస్తే కొత్త టీషర్టు కొనుక్కోవాలి.

మన దేశపు సరుకు కూడా ఈ చరిత్రలో వెలగకపోలేదు. 2014లో కియా కార్ల జట్టు చేరింది. దానికి కోచ్ మానీ పకియావ్. అవును, ఆ బాక్సరే. అప్పటికి ప్రపంచ ఛాంపియన్, పార్లమెంటు సభ్యుడు కూడా. చేతిలో పనిలేక కోచ్ అయ్యాడు. ఆ ఏడాది కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో కియా జట్టు 11వ స్థానంలో ఎవర్ని ఎంచుకుందంటే, తమ కోచ్‌నే. ప్రతిభను గుర్తించడంలో ఇంతకన్నా దూరం వెళ్లక్కర్లేదని నిరూపించిన సందర్భం అది. జట్టు పేరు మొదట కియా సొరెంటో, తర్వాత కియా కార్నివాల్, ఆ తర్వాత మహీంద్రా ఎన్‌ఫోర్సర్. మన మహీంద్రాయే. తర్వాత మహీంద్రా ఫ్లడ్‌బస్టర్, అంటే వరద నీళ్లలోనూ ఆగని బండి. తర్వాత కియా పికాంటో. చివరికి డ్యిప్, అంటే జనం ఇరుక్కుని కూర్చునే జీప్. పెద్ద ఎస్‌యూవీతో బయల్దేరి చిన్నకారు మీదుగా షేర్ జీపు దాకా వచ్చిన ప్రయాణం. మధ్యతరగతి మనిషి ఆత్మకథ ఇంత క్లుప్తంగా మరెక్కడా రాయలేదు.

విదేశీ ఆటగాణ్ణి అక్కడ ఇంపోర్ట్ అంటారు. అతిథి ఆటగాడు, అంతర్జాతీయ తార లాంటి మొహమాటాలు లేవు. దిగుమతి సరుకు, అంతే. సరుకన్నాక కొలత ఉండాలి కాబట్టి కొలుస్తారు. ఏడాదిలో ఒక టోర్నీకి ఇంపోర్టులే ఉండరు. మరో దానికి ఇంత ఎత్తు లోపు, ఇంకో దానికి అంతకన్నా తక్కువ లోపు. గవర్నర్స్ కప్‌లో చాలా ఏళ్లు 6 అడుగుల 5 అంగుళాలు దాటకూడదన్నారు. బాస్కెట్‌బాల్ ఆడే మగాడు ఎక్కడైనా తన ఎత్తుకి రెండంగుళాలు కలిపే చెప్పుకుంటాడు. జీవితమంతా నిటారుగా నిలబడమని కోచ్‌ల చేత తిట్లు తిన్న మనిషి, భగవంతుడా ఒక్క అంగుళం తగ్గించు అని ప్రార్థించే చోటు భూమ్మీద ఇదొక్కటే. కొలత దాటకుండా వచ్చినవాళ్లు మాత్రం డబ్బు గిట్టుబాటు చేసి చూపించారు. 1992లో స్విఫ్ట్ హాట్‌డాగ్ కంపెనీ ఇంపోర్ట్ టోనీ హారిస్ ఒకే మ్యాచ్‌లో 105 పాయింట్లు చేశాడు. ఆ రోజు మిగతా నలుగురూ కోర్టులో ఏం చేస్తున్నారన్నది పరిశోధించాల్సిన విషయం.

ఇప్పుడు యాజమాన్యం సంగతి. లీగులో 12 జట్లు. అందులో బీరు, జిన్ను, మాగ్నోలియా మూడూ సాన్ మిగెల్ కార్పొరేషన్‌వే. ఫోను, కరెంటు, టోల్ రోడ్డు జట్లు మూడూ మాన్యుయెల్ పాంగిలినాన్ గ్రూపువి. టోల్ రోడ్డు కూడా ఒక జట్టేనా అని నవ్వకండి. ఎన్‌లెక్స్ రోడ్ వారియర్స్. కాబట్టి సగం లీగు రెండు ఇళ్లలో ఉంటుంది. ఓ అభిమాని ఉదయం కరెంటు బిల్లు, ఫోను బిల్లు కట్టి, టోల్ చెల్లించి, సాయంత్రం స్టేడియంలో వాళ్ల మీద కసితో బీరు జట్టుకు ఈలలు వేస్తే, అవతలి పెద్దమనిషి లాభం లెక్కపెట్టుకుంటాడు. దీన్నే పోటీతత్వం అంటారు.

ఈ కుటుంబ అనురాగాలు 2017లో కాస్త శ్రుతి మించాయి. డ్రాఫ్ట్‌లో మొదటి ఆటగాణ్ణి ఎంచుకునే హక్కు అట్టడుగున ఉన్న కియాకు వచ్చింది. బలహీనులు బాగుపడాలనే కదా ఆ నియమం! కియా ఆ హక్కును అప్పటికే ఛాంపియన్ అయిన సాన్ మిగెల్ బీరుకు ఇచ్చేసింది. బదులుగా ముగ్గురు ఆటగాళ్లనీ, భవిష్యత్తులో ఒక డ్రాఫ్ట్ హక్కునీ తీసుకుంది. లీగును నడిపే కమిషనర్ సరేనన్నాడు. జట్లు రెండు వర్గాలుగా చీలిపోయి పోట్లాడుకున్నాయి, చివరికి కమిషనర్ ఇంటికి వెళ్లాడు, ఆటగాడు మాత్రం సాన్ మిగెల్‌కే వెళ్లాడు. ఆకలిగా ఉన్నవాడు కంచం తెచ్చి కడుపు నిండినవాడి ముందు పెట్టిన ఆ త్యాగాన్ని జనం ఎందుకు అపార్థం చేసుకున్నారో నాకింకా అర్థం కాలేదు.

ఊళ్ల పేర్లతో లీగు పెడితే బాగుండేది కదా అని అమాయకులు అడుగుతారు. పెట్టారు నాయనా. 1998లో ఎంబీఏ, అంటే మెట్రోపాలిటన్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్, అని వచ్చింది. సెబు జెమ్స్, నెగ్రోస్ స్లాషర్స్, పంపాంగా డ్రాగన్స్, అంతా ఊరి అభిమానమే. సొంత ఊళ్లో ఆట, పొరుగూళ్లో ఆట. 2002లో మూతబడింది. ఊరికి అభిమానం ఉంటుంది గానీ ప్రకటనల బడ్జెట్ ఉండదు. పకియావ్ పుణ్యాన ఈ మధ్య ఎంపీబీఎల్ అని మళ్లీ ఊళ్ల లీగొకటి నడుస్తోంది, నడవనివ్వండి, శుభం.

పాల సంగతి చెప్తానన్నాను కదా. అలాస్కా మిల్క్‌మెన్ 35 సీజన్లు ఆడింది, 14 కప్పులు గెలిచింది, 1996లో గ్రాండ్ స్లామ్ కూడా. 2022లో జట్టును అమ్మేసి సెలవు తీసుకుంది. కొన్నది కన్వర్జ్ అనే ఇంటర్నెట్ కంపెనీ. పిల్లలు పాలు మానేసి ఏం పట్టుకుంటున్నారో లీగు మనకన్నా ముందే గమనించింది.

ఇంతవరకూ అంతా పద్ధతిగానే ఉంది. కంపెనీ సరుకు అమ్ముతుంది, జట్టు ప్రకటన ఇస్తుంది, జనం చూస్తారు. ఈ ఒప్పందాన్ని చెడగొట్టింది జనమే. ముఖ్యంగా జిన్ను జనం.

ఈ జట్టు 1979లో గిల్బీస్ జిన్‌గా మొదలైంది. టయోటా మూతపడ్డాక రాబర్ట్ జవోర్‌స్కీ ఇందులో చేరాడు. 1985లో ఒక మ్యాచ్‌లో మోచేయి తగిలి అతని పెదవి చీలింది. ఆసుపత్రికి వెళ్లి 9 కుట్లు వేయించుకుని, అదే రాత్రి తిరిగొచ్చి కోర్టులో దిగాడు. వెనకబడిన జట్టు లేచి గెలిచింది. జవోర్‌స్కీ యాభై దాటాక కూడా అదే జట్టుకు ఆటగాడిగా, కోచ్‌గా ఉన్నాడు. 1998లో జనం అతన్ని సెనేట్‌కి పంపారు. కంపెనీ ఉద్దేశం జిన్ను అమ్మడం. జనం సెనేటర్‌ని కొన్నారు.

కంపెనీ ఊరుకుంటుందా? జట్టు పేరును అన్యెహో రమ్ము అంది, టొండెన్యా రమ్ము అంది, గోర్డన్స్ జిన్ బోర్స్ అంది. బోర్ అంటే అడవిపంది, ఆ సీసా మీద బొమ్మ. జనం మాత్రం సీసా మీద ఏముందో చదవకుండా గినెబ్రా, అంటే జిన్ను, అనే అరిచారు. రమ్ము తెచ్చినా గినెబ్రా, పంది తెచ్చినా గినెబ్రా. మార్కెటింగ్ పుస్తకాల్లో వినియోగదారుడికి ఇంత మొండితనం ఉంటుందని రాయలేదు. 1999లో కంపెనీ దిగొచ్చి, జట్టుకు బారంగాయ్ గినెబ్రా అని పేరు పెట్టింది. బారంగాయ్ అంటే అక్కడి పాలనలో అన్నిటికన్నా చిన్న విభాగం. తేలిగ్గా చెప్పాలంటే పల్లె, పేట. ఏ మ్యాపులోనూ లేని పేట.

ఇప్పుడా పేటకు జస్టిన్ బ్రౌన్‌లీ అనే అమెరికన్ ఇంపోర్ట్ ఉన్నాడు. 2016లో ఆఖరి క్షణంలో త్రీ పాయింటర్ వేసి, 8 ఏళ్లుగా కప్పులేని జట్టును గెలిపించాడు. 2023 జనవరిలో ప్రత్యేక చట్టం చేసి అతనికి పౌరసత్వం ఇచ్చారు. అదే ఏడాది హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఫిలిప్పీన్స్‌కు 1962 తర్వాత మొదటిసారి బాస్కెట్‌బాల్ స్వర్ణం వచ్చింది, అతను జట్టులో ఉండగా. దేశానికి పౌరుడు. లీగుకి మాత్రం ఇప్పటికీ ఇంపోర్టే. నియమం నియమమే.

2023 జనవరి 15న బులకాన్‌లోని ఫిలిప్పీన్ అరీనాలో కమిషనర్స్ కప్ ఫైనల్ ఏడో మ్యాచ్ జరిగింది. గినెబ్రాకి ఎదురుగా హాంకాంగ్ నుంచి అతిథిగా వచ్చిన బే ఏరియా డ్రాగన్స్. ఆ టోర్నీలో సరుకు పేరు కాకుండా ఒక ప్రాంతం పేరు పెట్టుకుని ఫైనల్‌దాకా వచ్చిన జట్టు అది. చూడ్డానికి 54,589 మంది వచ్చారు. జిన్ను 114, ప్రాంతం 99.